ఇబ్రి పటంలో కనిపించని కాలువ

2008 ఫిబ్రవరిలో మా కంపెనీ నన్ను మస్కట్‌లోని అల్ ఖువైర్ ఆఫీసు నుంచి, ఒమన్‌లోనే ఉన్న ఇబ్రి అనే ఊరికి సీనియర్ సర్వేయర్‌గా పంపింది. పాత పేట పక్కన రోడ్డు వెంట వాననీటి డ్రెయిన్ వేయాలి. అంతకుముందే అక్కడి ప్రతి గోడనూ, చెట్టునూ, గుంతనూ కొలిచి పటం గీయడం మా పని.

రోడ్డుకు ఎగువన రాతి నేల మీద మట్టి ఇళ్లు, కోట. దిగువన ఖర్జూర తోటలు. రోడ్డు పక్కనే రాళ్లు కప్పిన గుంతలు వరసగా తొమ్మిది. పాడుబడ్డ బావులని రాసుకున్నాను.

నేల ఎత్తుపల్లాల మట్టాలు తీసేటప్పుడు కొలకర్ర పట్టుకునే యాదగిరిది కరీంనగర్ వైపు. "సార్, బాయిలు గిట్ల తాడు వట్టి గీసినట్టు తవ్వుతరా ఎవలన్న?" అన్నాడు.

"నువ్వు కర్ర నిటారుగా పట్టుకో చాలు, బావుల సంగతి నేను చూసుకుంటా" అన్నాను.

అది బుధవారం. అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు. నా కుటుంబం మస్కట్‌లో ఉంది. పటంతో పాటు ఇచ్చే పత్రంలో, స్థానికులను విచారించామని టిక్కు పెట్టే గడి ఒకటి ఉంటుంది. ఎవరినీ అడక్కుండానే టిక్కు పెట్టి, సంతకం చేసి కారెక్కాను. తెలిసే చేశాను.

ఏప్రిల్‌లో తవ్వే యంత్రం వచ్చిన రోజు, దాని ముందు ఒక ముసలాయన కూర్చున్నాడు. కొండనీటిని భూమి కింద నుంచి తోటలకు తెచ్చే కాలువను అక్కడ ఫలజ్ అంటారు. ఆ నీటి వంతులు తోటలకు పంచే పెద్ద ఆయనే.

"ముహందిస్, నీ కొలిచే మిషన్‌కు దాహం వేయదు కదా, అందుకే దానికి నీళ్లు కనపడలేదు" అన్నాడు హిందీలో. ముహందిస్ అంటే ఇంజినీరు. ఒక గుంత మీది రాళ్లు తీయించాడు. అడుగున నీళ్లు పారుతున్నాయి. ఆ గుంతలు బావులు కావు, కాలువలో పూడిక తీయడానికి దిగే దారులు. ముందు కాలువ వచ్చిందట. దాని నీరు అందినంత మేర తోటలు, అందని రాతి మీద ఇళ్లు, ఆ రెంటినీ కాయడానికి కోట. ఊరి పుట్టుకంతా కర్రతో నేల మీద గీసి చూపించాడు.

డ్రెయిన్ కోసం మేం తవ్వబోయే కందకం లోతు మూడు మీటర్లు. కాలువ రెండున్నర మీటర్ల లోతునే ఉంది. తవ్వితే తోటలు ఎండిపోతాయి.

"పని ఆపాలంటే కారణం కావాలి. నీ పటం తప్పని నువ్వే రాసిస్తావా?" అన్నాడు సైట్ ఇన్‌చార్జి.

అక్కడే నిలబడి రాశాను. ఎవరినీ విచారించలేదని, యాదగిరి చెప్పినా వినలేదని, పత్రంలో అబద్ధం పెట్టానని. హెచ్చరిక లేఖ వచ్చింది, ఆ ఏటి ప్రమోషన్ పోయింది.

నాలుగు రోజుల్లో తొమ్మిది గుంతల అడుగు మట్టాలూ తీశాం. అన్నీ తోటల వైపు ఒకే వాలులో దిగుతున్నాయి, అంటే కింద ఉన్నది ఒకే కాలువ. ఆ అంకెలు చూశాక ఆఫీసువాళ్లు డ్రెయిన్‌ను రోడ్డు అవతలి అంచుకు మార్చారు. పని పూర్తయ్యేదాకా కాలువలో ఒక్క రాయి కదల్లేదు, తోటలకు ఒక్క వంతు తప్పలేదు.

పెద్దాయన మమ్మల్ని తోటలోకి కాఫీకి పిలిచి, యాదగిరిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "అసలు ముహందిస్ ఇతను" అన్నాడు.

"గట్లయితే సార్, రేపు కర్ర మీరు వట్టుకోండ్రి" అన్నాడు యాదగిరి. అందరూ నవ్వారు. మర్నాడు రోజంతా నేనే పట్టుకున్నాను.

ఏ ఊరి పటం గీయాలన్నా, ఆ ఊరికి నీరు ఎటు నుంచి వస్తుందో ముందు అక్కడివాళ్లను అడగాలి. రిటైరయ్యేదాకా ప్రతి కొత్త సైట్‌లో నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.