నా పేరుతో అచ్చయిన అబద్ధం

పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిడతాను. మా పెదనాన్న మా అమ్మకు ద్రోహం చేశాడు. అదీ నా చేతుల మీదుగా చేయించాడు. అదే నా కడుపుమంట.

సునామీ వచ్చినప్పుడు నేను పోర్ట్‌బ్లెయిర్‌లో తొమ్మిదో తరగతి. మా ఇల్లు ఓడరేవు పక్కనున్న హాడో పేటలో. దక్షిణ దీవుల నుంచి జనం కట్టుబట్టలతో ఓడలు దిగుతుంటే మా వీధి బడిలోనే శిబిరం పెట్టారు. దాన్ని నడిపింది మా అమ్మ. ఆవిణ్ణి నడపమని ఎవరూ అడగలేదు. పసిపిల్లల తల్లులను ఒక గదిలో, ముసలివాళ్ళను ఇంకో గదిలో సర్దింది. నీళ్ళ ట్యాంకర్ రాకపోతే ఆఫీసరు జీపుకు అడ్డంగా నిలబడి, "సాబ్, పానీ వచ్చేదాకా గాడీ కదల్దు, అంతే!" అంది. ఆయన నోరెళ్ళబెట్టాడు. తెలుగు సంఘం అధ్యక్షుడైన మా పెదనాన్న మాత్రం, సముద్రం మళ్ళీ వస్తుందేమోనని ఎయిర్‌పోర్టు వైపు లంబాలైన్ పేటలో చుట్టాలింట్లో తలుపేసుకుని కూర్చున్నాడు. మూడో వారం వచ్చాడు, ఫొటోలకు.

మరుసటి ఏడు సంఘం ఉగాది సంచిక వేసింది. దానికి నేను చరిత్రలోని మహారాణుల మీద వ్యాసం రాశాను. అప్పట్లో నాకు ఆ పిచ్చి ఉండేది. పుస్తకాల్లో వాళ్ళ బొమ్మలు చూస్తే ఒళ్ళు మండేది. తన పేరుతో నాణేలు వేయించిన మొఘల్ బేగం బొమ్మలో గులాబీ వాసన చూస్తూ కూర్చుంటుంది. చైనాను ఏళ్ళ తరబడి ఏలిన మహారాణిని పొడుగు గోళ్ళ రాక్షసిగా గీశారు. మన కాకతీయ రాణికి మగపేరు, మగవేషం తగిలిస్తే గానీ సింహాసనం దక్కలేదు. రాజ్యం నడిపిన మనిషిని నడిపినట్టే చూపిస్తే మీ సొమ్మేం పోయిందని అడిగాను. చివర, నేను కళ్ళారా చూసిన మహారాణి మా అమ్మేనని జీపు సంగతితో సహా రాశాను.

రాసింది హిందీలో. మా దీవుల పిల్లలం తెలుగు గలగలా మాట్లాడతాం గానీ అక్షరం ముక్క రాదు. పెదనాన్న నా తల నిమిరాడు. "హిందీలోనే ఇచ్చీ అమ్మా, తెలుగు నేను సేసి ఏయిస్తాను," అన్నాడు. నేను మురిసిపోయాను, పిచ్చిమొహాన్ని!

సంచిక వచ్చింది. నా ఫొటో వేశారు. కింద ఉన్నది నా పేరేనని పెదనాన్నే వేలు పెట్టి చూపించాడు. పరుగెత్తుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ ఆంధ్రాలో చదువుకున్న మనిషి, నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. "బాగా రాసావే," అని ట్రంకు పెట్టెలో పెట్టేసింది. నన్ను దగ్గరికి తీసుకుంటుందని చూస్తూ నిలబడ్డాను. కూర మాడుతోందంటూ లోపలికెళ్ళింది. ఆ తరువాత శిబిరం మాట ఎత్తితే చాలు, "ఇప్పుడెందుకే అయ్యన్నీ" అనేది.

ఏళ్ళ తరువాత నాకు ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడ ఒక పెద్ద టీచరమ్మ పట్టుబట్టి నాకు తెలుగు నేర్పింది. సెలవులకు ఇంటికొచ్చి, చూద్దాం ఎంత వచ్చిందో అని ఆ సంచిక తీశాను. కూడబలుక్కుంటూ చదివాను. మహారాణులందరూ పతిసేవలో తరించారట! శిబిరాన్ని "మా పెదనాన్నగారు సింహంలా" నడిపించారట. మా అమ్మ "వంటపనిలో చేతనైన సాయం" చేసిందట. జీపు ఊసే లేదు. కింద నా పేరు.

వంటింట్లోకి పరుగెత్తాను. "అమ్మా, ఇది నేను రాయలేదమ్మా, ఒట్టు! నేను రాసింది వేరు. అప్పుడే నన్నెందుకు అడగలేదు?"

అమ్మ గరిటె కింద పెట్టింది.

"నీ పేరే ఉంది కదే, తెలుగు ఎవరు సేసినా మాటలు నీయే కదా. మీ పెదనాన్న రాసుంటే నవ్వుకుందును, ఆయన సంగతి నాకు తెల్దా? నా కూతురు పక్కనే ఉండి సూసింది కదా, దాని కళ్ళకి కూడా నేను ఇంతేనా అనుకున్నాను."

ఇన్నేళ్ళూ అలా అనుకుంటూనే నాకు జడ వేసింది, అన్నం పెట్టింది.