కాక కుర్చీ పక్కన మాటల డబ్బా

"మీ చిన్నమ్మ మైకుల పిలిచింది బిడ్డా. మల్లమల్ల పిలిచింది. లెవ్వలే."

కాక పోయిన సంగతి మా బాపు ఫోన్‌లో నాకు ఇలా చెప్పాడు. అప్పుడు నేను పేట్ బషీరాబాద్‌లో, పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. పిల్లలు ఇంకా రాలేదు. బాపు అరిచినట్టే చెప్పాడు. ఏడుపు వల్ల కాదు. మా ఇంట్లో అందరం అలాగే మాట్లాడతాం. కాకకు వినపడాలని ఏళ్ల తరబడి గొంతులు పెంచి పెంచి, చివరికి ఫోన్‌లో కూడా మాకు ఆ గొంతులే మిగిలాయి.

కాక అంటే మా బాపు తమ్ముడు. గౌడవెల్లిలో మా ఇల్లు, ఆయన ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. కాక ఇంట్లో ఆ గోడ పక్క గది, మేం అర్ర అంటాం, మా అవ్వది, అంటే వాళ్లిద్దరి తల్లిది. చివరి ఏళ్లలో కాకకు దాదాపు ఏమీ వినపడేది కాదు. సినిమాల కోసం, పాటల కోసం ఆయన తెచ్చుకున్న సౌండు డబ్బాలకే ఒక మైకు తగిలించి, దాంట్లో మాట్లాడి ఆయనకు వినిపించేవాళ్లం. ఆ పొద్దున చాయ్ పెట్టిన ఆయన భార్య, మా చిన్నమ్మ, ఆయన లేవకపోతే ఎప్పటిలాగే వినపడలేదనుకుంది. మైకు అందుకుంది. "లేవయ్యా, చాయ్ సల్లారుతాంది" అన్న మాట వాడకట్టంతా విన్నది. ఆ తర్వాత అదే మైకులో ఆమె ఏడుపు విన్నది.

కాక గురించి చెప్పడానికి పెద్ద సంగతులేమీ లేవు. కుత్బుల్లాపూర్ వైపు ఒక చిన్న కార్ఖానాలో రేకులు కోసే ప్రెస్సు మిషన్ మీద పనిచేసేవాడు. మొదట సైకిల్ మీద, తర్వాత మోపెడ్ మీద వెళ్లేవాడు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, చెవుల్లోంచి దూది తీసి పారేసేవాడు. చిన్నమ్మ ఏదైనా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"జెర ఆగు. మిషన్ ఇంక నా తలకాయల్నే తిరుగుతాంది."

కాసేపటికి లేచి పాటలు పెట్టేవాడు. పొద్దంతా చప్పుడులో ఉన్నవాడివి, మళ్లీ ఇంట్లోనూ మోతేనా అని బాపు అడిగేవాడు. "గది చప్పుడు, గిది సౌండు. రెండు ఒకటేనా అన్నా?" అనేవాడు కాక. ఆ తేడా నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

తొంభైల మొదట్లో ఆయన దగ్గర ఒక పాత టేప్ రికార్డర్ ఉండేది. దాని గొంతు సన్నగా ఉండేది. ఒకసారి శామీర్‌పేటలో చిన్నమ్మ పుట్టింటి వైపు పెళ్లికి వెళ్లినప్పుడు, అక్కడెవరో మట్టికుండ మూతిలో స్పీకర్‌ను పైకి తిప్పి బిగించి పాటలు పెట్టడం చూశాడట. డప్పు దెబ్బ వచ్చి కడుపులో పడుతోందట. తిరిగొచ్చాక ఆయనకు నిలకడ లేదు. కోఠికి వెళ్లి స్పీకర్లు, చిన్న ఆంప్లిఫయర్ తెచ్చాడు. కుమ్మరి దగ్గర రెండు కుండలు తీసుకుని, తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగు వాటికి పూశాడు.

అవ్వ చూసి బుగ్గలు నొక్కుకుంది. "నీళ్లు వోసుకునే కుండల పాటలు వోస్తున్నవారా? రేపు దూపయితే పాట తాగాల్నా?"

"తాగి సూడవ్వా, నీకే తెలుస్తది."

పాట నిజంగానే బాగుండేది. కాక కుర్చీలో కూర్చుని కుండ భుజం మీద అరచెయ్యి వేసి వినేవాడు, ఎవరిదో వీపు నిమురుతున్నట్టు. కానీ టీవీలో సినిమా వచ్చినప్పుడు అవే కుండలకు వైరు తగిలిస్తే మనుషుల మాటలు బొంగురుగా, ముద్దగా వచ్చేవి. హీరో నోరు విప్పగానే అవ్వ అరిచేది.

"గాయన బాయిల వడ్డడా ఏందిరా? ఎవలన్న తాడెయ్యుండ్రి!"

అందుకని పాటలకు కుండలు, సినిమాలకు టీవీలోని చిన్న స్పీకరు అని ఏర్పాటయింది. కాకకు అది నచ్చలేదు. "పాటకు కడుపు గావాలె, మాటకు నోరు గావాలె. రెండు ఒక్కదాంట్ల వస్తయి. ఎప్పటికైన తెస్త, సూడుండ్రి" అనేవాడు.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. కాకకు, చిన్నమ్మకు పిల్లలు లేరు. సాయంత్రం నేను పుస్తకం తెరిస్తే ఆయన పాట ఆపేసేవాడు. "ఇగ సదువు బిడ్డా. గట్టిగ సదువు. గోడలు గూడ పాస్ గావాలె." నేను చదివేదాన్ని. ఆయనకు అర్థం కాని ఇంగ్లీషు పాఠానికి కూడా "ఔ, ఔ" అంటూ తల ఊపేవాడు. నా చిన్న తరగతుల్లో అవతలి గోడకు ఆనుకుని వినేవాడు. తర్వాత గది మధ్యకు వచ్చాడు. పదో తరగతికి వచ్చేసరికి నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని "ఇంక గట్టిగ" అంటుండేవాడు. నా చదువు మీద ఆయనకు పట్టుదల పెరిగిందని ఇంట్లో అందరం సంతోషించాం. ఏటేటా ఆయన నా గొంతు కోసం కొంచెం కొంచెం దగ్గరికి జరుగుతున్నాడని ఎవరికీ తోచలేదు. ఆయనకైనా తోచిందో లేదో.

నేను డిగ్రీ చదువుతూ హాస్టల్‌లో ఉన్నప్పుడు, మా ఊరి చుట్టూ చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతుతున్న రోజుల్లో, కాక అన్నంత పనీ చేశాడు. హోమ్ థియేటర్ తెచ్చాడు. ఒక డీవీడీ ప్లేయరు, ఐదు చిన్న స్పీకర్లు, దిమ్మలాంటి పెద్ద డబ్బా ఒకటి.

మా ఇళ్లలో ఏది వచ్చినా పోగులు పడతాయి. పండుగకు యాటను కోస్తే మాంసాన్ని ఆకుల మీద సమానంగా పోగులు పెట్టి, పెద్దవాళ్లకు ముందు ఇచ్చి, తర్వాత అందరూ తలా ఒకటి తీసుకుంటారు. ఒక్కడే ఉంచుకోవడం మా వాళ్లకు తెలియదు. కాక ఆ స్పీకర్లను కూడా అలాగే పోగులు పెట్టాడు. ఒకటి గోడ అవతల మా ఇంట్లో బాపుకు, ఒకటి వంటింట్లో చిన్నమ్మకు, ఒకటి అరుగు మీద వచ్చేపోయేవాళ్లకు, ఒకటి వెనక కొట్టంలో బర్రెలకు. మిగతావాటికన్నా పొడవుగా, అడ్డంగా ఉన్నది అవ్వ అర్రలో పెట్టాడు. పెద్దమనిషికి పెద్దది. దిమ్మ మాత్రం తన కుర్చీ పక్కన ఉంచుకున్నాడు. ఇన్ని ఉండగా ఇక టీవీ గొంతెందుకని దాని సౌండు పూర్తిగా తీసేశాడు.

సెలవుకు నేను ఇంటికి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం అందరినీ ఎవరి చోట వాళ్లను కూర్చోమని సినిమా పెట్టాడు. కాసేపటికి గోడ అవతలి నుంచి బాపు వచ్చాడు.

"సినిమా వెట్టినవా, మొగులు వెట్టినవా తమ్మీ? నా దాంట్ల వాన తప్ప ఏం పడ్తలేదు."

వంటింట్లోంచి చిన్నమ్మ గరిటెతో వచ్చింది. "నాకు ఉత్త ఫిడేళ్లే. పప్పు మాడినా ఫిడేలే."

అవ్వ తన అర్రలోంచే కేకేసింది. "నా దాంట్ల తల్లి కొడుకులు కొట్లాడుతుండ్రు. పాట లేదు, ఆట లేదు. ఆస్తి పంచుమని ఒకటే లొల్లి!"

అందరం నవ్వుకుంటూ ముందు గదిలోకి వెళ్లాం. తెర మీద తల్లీ కొడుకుల పెదవులు కదులుతున్నాయి. దిమ్మలోంచి ఒక్క మాట లేదు. కాక కుర్చీలో వెనక్కి వాలి చిరునవ్వుతో చూస్తున్నాడు.

చిన్నమ్మ ఎదురుగా వెళ్లి "మాటలేవి?" అంది.

"వస్తున్నయి గద. మస్తున్నయి. థియేటర్ల లెక్క."

"గాయన ఏమంటుండో చెప్పు మల్ల."

కాక తెర వైపు చూశాడు. "ఊరికి వోతనంటుండు. తల్లి వొద్దంటాంది."

అవ్వ అర్రలోంచి ఆ కొడుకు గొంతు మా అందరికీ స్పష్టంగా వినపడుతూనే ఉంది. తన వాటా తనకు పంచి ఇమ్మని అడుగుతున్నాడు. బాపు కాక వెనక్కి వెళ్లి, మామూలు గొంతుతో "తమ్మీ" అన్నాడు. కాక సినిమా చూస్తూనే ఉన్నాడు. బాపు మళ్లీ పిలవలేదు. కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మొదట మేడ్చల్‌లో, తర్వాత సిటీలో చూపించాం. మిషన్ మోతకు చెవి లోపల నరాలు దెబ్బతిన్నాయని, పోయిన వినికిడి తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. సన్నని శబ్దాలు ముందు పోతాయట, లావు శబ్దాలు చివరిదాకా ఉంటాయట. కుండలో పాట ఆయనకు అందుతుండగా మనుషుల మాటలు ఎప్పుడు జారిపోయాయో అందుకే మాకు తెలియలేదు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. "గిది వెట్టుకుంటే గిన్నెలు గూడ నన్ను తిడుతున్నయి" అని తీసి జేబులో వేసుకున్నాడు. పని మానమంటే మానలేదు. "పోయేటివి పోయినయి బిడ్డా. ఇగ మిషన్ నన్నేం జేస్తది?"

ఆ డబ్బాలతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నేను కూర్చుని చదివాను. నా చదువు మా ఇంటికి పనికొచ్చిన మొదటి రోజు అదే. ఒక్కో స్పీకర్‌లో ఒక్కో రకం శబ్దం వస్తుందని, సినిమాలో మాటలు దాదాపు అన్నీ అవ్వకిచ్చిన ఆ పొడవు దాంట్లోనే వస్తాయని తెలిసింది. పోగులన్నీ వెనక్కి తెచ్చాను. పొడవు దాన్ని టీవీ కింద పెట్టమని పుస్తకంలో ఉంది. మేం దాన్ని ఒక స్టూలు మీద, కాక ఎడమ చెవికి ఆనేంత దగ్గరగా పెట్టాం. ఆ చెవి కొంచెం నయం. దానొక్కదాని సౌండు ఎంత పెరుగుతుందో అంత పెంచాం. కుడి పక్కన నీలం కుండ. సినిమాకు ఎడమ చెవి, పాటకు కుడి చెయ్యి.

అదే సినిమా మళ్లీ పెట్టాం. కాక తల వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి చిన్నమ్మను చూశాడు.

"ఓహో! ఆస్తి కోసమానే కొట్లాట!"

అవ్వ ఆ పొడవు స్పీకర్‌కు మాటల డబ్బా అని పేరు పెట్టింది. ప్లేయరు ముందు భాగంలో మైకు పెట్టుకునే వీలుందని కూడా ఆ పుస్తకంలోనే చదివాను. మేడ్చల్ నుంచి మైకు తెచ్చి తగిలిస్తే, అవ్వ నా చేతిలోంచి లాక్కుంది.

"ఓరి కొడుకా, ఇనవడ్తుందా? గడ్డం గీసుకోరాదురా, ఎలుగ్గొడ్డు లెక్క అయినవ్!"

వాడకట్టంతా నవ్వింది. కాక గడ్డం తడుముకుని తనూ నవ్వాడు. నాకు ఉద్యోగం వచ్చిన సంగతి కూడా ఆ మైకులోనే చెప్పాను. ఆయనకంటే ముందు వీధి చివర ఉన్నవాళ్లకు తెలిసింది. చిన్నమ్మ మాత్రం మైకు ముట్టడానికి చాలా రోజులు పట్టింది. తిండికీ, నీళ్లకూ మైకులో పిలిచేది. మిగతా మాటలు లోపలే ఉంచుకునేది. మొగుడితో ఒక్క మాట చాటుగా చెప్పుకునే వీలు ఆమెకు లేకుండా పోయింది.

పోయిన ఏడాది నుంచి మాటల డబ్బా కూడా ఆయనకు దూరమైంది. ఎంత పెంచినా కిటికీ ఊచలు అదిరేవి కానీ మాట చెవికి ఎక్కేది కాదు. మైకులో ఏం చెప్పినా "ఔ, ఔ" అనేవాడు. ఆ ఔ నాకు బాగా తెలుసు. నా ఇంగ్లీషు పాఠానికి తల ఊపినప్పటి ఔ అది. అయినా పొద్దున చిన్నమ్మ మైకులో పిలిస్తే మంచం పక్కన ఏదో కదిలినట్టు ఆయనకు తెలిసేది. లేచేవాడు.

నేను చివరిసారి చూసిన రోజున మైకు తీసుకోబోతే నా చెయ్యి పట్టుకుని దించాడు.

"వొద్దు బిడ్డా. గా మైకు అడ్డమొస్తే నోరు కనవడ్తలేదు. ఇయ్యాల పిల్లలకేం జెప్పినవ్?"

చెప్పిన పాఠం మొత్తం మళ్లీ చెప్పాను. నా పెదవుల మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. ఆయన మోకాలు నా మోకాలికి తగులుతోంది. "గట్టిగ జెప్పు, గోడలు..." అని మొదలుపెట్టి, నా మోకాలి మీద తట్టాడు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయిన మధ్యాహ్నం బాపు వైర్లు చుట్టడానికి వచ్చాడు. "ఇగ ఎవలకు?" అన్నాడు. అవ్వ ఆయన్ని ఆపింది. ఒక్కసారి పెట్టమని నాకు సైగ చేసింది. స్విచ్చు వేస్తే ఎర్ర లైటు వెలిగింది. మైకు ఆమె చేతికిచ్చాను.

అవ్వ కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుంది. కుండ మీద కాక చెయ్యి ఆనే చోట నీలం రంగు అరిగి, లోపలి మట్టి ఎర్రగా కనిపిస్తోంది. ఆమె మైకును రెండు చేతులతో నోటి దగ్గర పట్టుకుంది. ఏం తిడుతుందో, ఏమని పిలుస్తుందో అని చూశాను. ఖాళీ కుర్చీ పక్కన, మాటల డబ్బాలోంచి, అవ్వ ఊపిరి పీల్చడం, వదలడం వీధి చివరిదాకా వినపడుతూ ఉంది.