రామగుండంలో ఎండ కొనుక్కున్నాను

ఆ రోజు మధ్యాహ్నం నిద్ర లేచేసరికి కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టుంది. బొగ్గు పొడి పడిందనుకుని నీళ్లు కొట్టుకున్నాను. ఇన్నేళ్లుగా బొగ్గు బాయిలో, భూమి కింద పనిచేస్తున్నవాడికి అంతకంటే ఏం తోస్తుంది? ఎంత కడిగినా మంట తగ్గలేదు. కిటికీ వెలుతురు గుచ్చుకుంటోంది. వీపు మీద చొక్కా ఆనితే ప్రాణం పోతోంది.

"గిట్ల ఎర్రగ అయినవేంది? పొద్దుగాల ఏడికి పోయొచ్చినవ్?" అని నా భార్య సరోజ నిలదీసింది. చెప్పక తప్పలేదు.

అంతకుముందు రక్తపరీక్షలో నాకు విటమిన్ డి తక్కువని తేలింది. డాక్టర్ మాత్రలు రాసి, రోజూ కాసేపు ఎండలో ఉండమన్నారు. నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునేవాడికి ఎండెక్కడిది? గోదావరిఖనిలో కొత్తగా తెరిచిన ఒక బ్యూటీ సెంటర్ ముందు "ఎండలోకి వెళ్లకుండానే సూర్యరశ్మి" అన్న బోర్డు చూశాను. ఆ ఉదయం డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్లాను.

బాయి దిగే ముందు ఒంటికి కొబ్బరినూనె రాసుకోవడం నాకు అలవాటు. రాసుకుంటే బొగ్గు మసి స్నానంలో తేలిగ్గా పోతుంది. అక్కడ చొక్కా విప్పమనగానే చెయ్యి దానంతటదే సంచిలోని సీసా మీదికి పోయింది. వీపంతా పూసుకున్నాను. మిషన్ నడిపేవాడు చూసి కూడా వద్దనలేదు. కళ్లకు అద్దాలివ్వకుండానే లైట్ల పెట్టెలో పడుకోబెట్టాడు. పైగా, "బాయిల పనిచేసే ఒళ్లు గదా కాకా, నల్లగున్నవ్. జరసేపైతే ఎక్కది" అంటూ టైం పెంచాడు. నా రంగు చూసి నాకు కాలదని తేల్చేశాడు! వాడికి ఆ మిషన్ మీద చెయ్యి వేసే హక్కు ఎవరిచ్చారు?

బాయిలో ఉక్కపోతకు అలవాటుపడ్డవాణ్ని కదా, వేడి తగిలినా లేవలేదు.

"ఎండ కొనుక్కున్నవా?" అని సరోజ నెత్తి కొట్టుకుంది. "రామగుండంల ఎండకు కరువొచ్చిందా? బయట ఊకెనే కొడుతంది గదా!" తిడుతూనే, ఏడుస్తూనే ఆటో పిలిచింది.

క్యాజువాలిటీలో డాక్టరమ్మ కంట్లో రంగుమందు వేసి చూసింది. "మీరు వెల్డింగ్ పని చేస్తారా?" అని అడిగింది.

"లేదమ్మా, బాయిపని. లైట్ల కింద పండుకున్న."

"ఫోటోకెరటైటిస్. ఆ లైట్ల అతినీలలోహిత కిరణాలకు కార్నియా మీది పొర కాలింది. వీపుకు సెకండ్ డిగ్రీ బర్న్స్. విటమిన్ డి కోసం ఇందులో పడుకోమని ఏ డాక్టరూ చెప్పడు."

"చూపొస్తదా అమ్మా?"

"ఆ పొర మళ్లీ పెరుగుతుంది. కళ్లు మాత్రం రుద్దకండి."

అప్పటికే బొగ్గనుకుని బాగా రుద్దేశాను. చూపు తగ్గితే కంపెనీ మెడికల్ బోర్డు నన్ను పనికి అన్‌ఫిట్ అంటుంది. బాయిపని తప్ప నాకింకో పని రాదు. కళ్లు మూసుకుని వార్డులో పడుకున్నంతసేపూ అదే ఫికర్.

కొన్ని రోజులకు కళ్లు తేరుకున్నాయి. ఇంటికి వచ్చాక వీపు మీది బొబ్బలు పగిలి ఇన్ఫెక్షన్ అయింది. చలిజ్వరంతో మళ్లీ అడ్మిట్ చేశారు. డ్రెస్సింగ్ మార్చిన ప్రతిసారీ పళ్లు బిగబట్టి ఆ సెంటర్‌వాణ్ని తిట్టుకున్నాను.

నడవగలిగాక వెళ్లి అడిగితే, "అందరికి మంచిగనే పడ్డది కాకా, నీ ఒంటికే పడలే" అన్నాడు. తప్పు నా ఒంటిదట! పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చాను. తేలేదాకా వదలను.

కంటి పరీక్ష పాసై మళ్లీ డ్యూటీలో చేరాను. వీపు మీద మచ్చలున్నాయి. ఇప్పుడు షిఫ్టు దిగి వచ్చాక వాకిట్లో కాసేపు కూర్చుంటే, సరోజ చాయ్ తెచ్చి, "ఇయ్యాల ఎండ మంచిగున్నదా?" అని ఎకసెక్కెమాడుతుంది.

నెత్తికి దెబ్బ తగలకుండా గట్టి టోపీ పెట్టుకోకపోతే బాయిలో ఒక్కడినీ దిగనివ్వరు. ఆ సెంటర్ ఏసీ గదిలో మాత్రం నన్ను ఉత్త కళ్లతో పడుకోబెట్టారు. అందుకే చెబుతున్నాను. ఎవరైనా లైటు కింద పడుకోమంటే ముందు డాక్టరేడీ, కళ్లద్దాలేవీ అని అడగండి. నీళ్లు నమిలితే చొక్కా వేసుకుని బయటికి రండి. బయట ఎండ ఉంటుంది, ఊరికే.