నూట పన్నెండు కిలోల బావతో ఆళ్లగడ్డ నుంచి

రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున ఆరుంబావుకు నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా బావను పరగడుపున తీసుకొచ్చి, పదిలోపు ఇక్కడ రక్తపరీక్ష చేయించి, డాక్టరుకు చూపించాలి. ముందురోజు మా అక్క ఫోన్లో ఏడ్చింది. "నిద్దర్లో గురక పెడతా పెడతా ఊపిరి ఆపేస్తాండాడు నాయనా. తట్టి లేపితే గానీ తీసుకోడు. నాకు కన్ను మూయాలంటే బయమైతాంది."

ఈ దారిలో బస్సులకు కొదవ లేదు. గంట పైచిలుకు ప్రయాణం. ముగ్గురు కూర్చునే సీటు చూసుకోండి, నాలాంటివారుంటే అది ఇద్దరికే చాలుతుంది. శిరివెళ్లలో ఎక్కిన ఒక పెద్దామె "కొంచెం జరుగప్పా" అంది. జరగడానికి చోటు లేదు. నన్ను ఎగాదిగా చూసి, "సరేలే, నువ్వు జరిగితే బస్సు వాలుతాది" అంటూ అంచున కూర్చుంది. రెండేళ్ల క్రితమైతే ముఖం మాడ్చుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వొచ్చింది. అప్పటినుంచి తొమ్మిది కిలోలు తగ్గానని చెప్పినా ఆమె నమ్మదు.

ఏడున్నరకు దిగి, ఆటోలో బావ షెడ్డుకు వెళ్లాను. బావ రాతి విగ్రహాలు చెక్కే పెద్ద శిల్పి. నేను వెళ్లేసరికి ఒక కొత్త రాయి ముందు నిలబడి ఏదో నములుతున్నాడు. మొదటి ఉలిదెబ్బకు ముందు రాయికి పూజ చేసి, పెద్ద శిల్పి ప్రసాదం తినడం వాళ్ల ఆనవాయితీ.

"పరగడుపున ఉండమంటిని కదా బావా."

"తిండేం తిన్ల్యా కదప్పా. ప్రసాదమే."

"ఎంత తింటివి?"

"బెల్లం, పప్పులు. మూడు పిడికిళ్లుంటాయేమో."

చక్కెర పరీక్షకు బయల్దేరుతూ బెల్లం తిన్న మనిషిని ఏమనాలి? నాకు ఒళ్లు మండింది. మీరెవరినైనా ఇలా తీసుకెళ్లేటట్టయితే, ఏమీ తినొద్దని చెప్తే చాలదు, ప్రసాదం కూడా తినొద్దని విడిగా చెప్పండి. బావ ముఖంలో మాత్రం ఊరట దాగలేదు. "అయితే వచ్చే వారం పోదాంలే" అన్నాడు. ఆ వచ్చే వారం రెండేళ్లుగా రాలేదు.

షెడ్డు వెనకున్న ఇంట్లోంచి అక్క నాకోసం బొరుగుల ఉగ్గాని తెచ్చింది. నేను తింటుంటే బావ తన పాత వాదన ఎత్తుకున్నాడు. "మా నాయన పూటకు మూడు ముద్దల సంగటి తినె. ఒక్కతూరైనా సూది ఎరగడు."

"ఆయప్ప పొద్దంతా సుత్తి కొట్టె" అంది అక్క. "ఇప్పుడు పని మిషన్ చేస్తాంది. ముద్దలు మాత్రం నువ్వే తింటాండావ్."

ఆ మాట నాకూ తగిలింది. ఒళ్లు వచ్చినవాణ్ణి తిండిపోతని తేల్చేయడం లోకం తీరు. తిండి ఒక్కటే కాదు. శ్రమ పోయింది, ముద్ద తగ్గలేదు, పైగా బజ్జీలు, చక్కెర టీలు చేరాయి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. కొందరికి అది వంశంలోనే ఉంటుంది. నా డాక్టరు నాకు చెప్పినవన్నీ బావకు చెప్పాను. చక్కెర, బీపీ, మోకాళ్లు, కాలేయంలో కొవ్వు. నిద్రలో ఊపిరి ఆగితే గుండెకు ముప్పు. కొంత బరువు దిగినా వీటిలో చాలావరకు నెమ్మదిస్తాయనీ చెప్పాను. బావ చేతులకున్న రాతిపొడి దులుపుకుంటూ ఊకొట్టాడు.

అక్క గిన్నెలు కడగడానికి వెళ్లాక గొంతు తగ్గించాడు. "పోయిన నెల పెద్ద విగ్రహానికి కండ్లు నేను తెరవలేదప్పా. నిచ్చెన సగంలో ఊపిరాడలే. కాళ్లు వణికినాయి. కంట్లో దుమ్ము పడిందని చెప్పి దిగి, వేరేవాణ్ణి ఎక్కించినా."

చివర్లో విగ్రహానికి కళ్లు దిద్దడం పెద్ద శిల్పి హక్కు. ముప్పై ఏళ్లుగా ఆ ఉలి బావ చేతిలోనే ఉంది. నా కోపమంతా పోయి దుఃఖం వచ్చింది.

"అక్కకు తెలుసా?"

"ఎవురికీ తెలీదు."

"ఈ రాయికి కండ్లు ఎప్పుడు తెరవాల?"

"ఎనిమిది నెలలు పడతాది. పదకొండడుగుల విగ్రహం."

"ఎనిమిది నెలలంటే తక్కువేం కాదు బావా. ఈ పొద్దు డాక్టరు చూస్తాడు. మా ఇంట్లో పండుకో, రేపు పరగడుపున రక్తం ఇద్దువు."

బావ కొత్త రాయి మీద గోనెపట్టా కప్పి, చెప్పులేసుకున్నాడు.

తొమ్మిది గంటల బస్సు దొరికింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, ఏదో పొడి తాగితే నెలలో పదిహేను కిలోలు దిగుతారని చెప్పడం మొదలుపెట్టాడు. "ఆత్రంగా చెక్కితే ముక్కు ఎగిరిపోతాదన్నా" అన్నాడు బావ. ఆయన మళ్లీ తిరగలేదు.

ఇన్నాళ్లూ బావకు పరీక్షలంటే భయమనుకున్నాను. సిగ్గని ఈ ప్రయాణంలో తెలిసింది. నాదీ ఒకప్పుడు అదే జబ్బు. నోరు విప్పిన మనిషికి దారి దొరుకుతుందని నా నమ్మకం.

నంద్యాల రైసుమిల్లులు కనిపిస్తుండగా బావ నా భుజం తట్టాడు. "నిచ్చెన సంగతి డాక్టరుకు నువ్వు చెప్పొద్దు. నేనే చెప్తా."

"సరే బావా."

"ముందు మీ అక్కకు ఫోన్ కలుపు. ఆమెకు చెప్పకుండా ఇంకొకరికి చెప్పేది బాగుండదు."