నేను అమ్మిన తాళం

నా చిన్నప్పుడు మా ముగ్గురికీ తిండి పెట్టింది తాళాలే. బొంబాయి కామాటిపురలో మా తాతకు గోడలో గూడంత దుకాణం ఉండేది. తాళాలు, గొళ్ళేలు, కొండీలు, మరలు అమ్మేవాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు వస్తే ఆకురాయి తీసుకుని కూర్చుని అప్పటికప్పుడు కొత్తది చేసి ఇచ్చేవాడు. ఆయన తండ్రి పాలమూరు నుంచి రాళ్ళు మోసే పనికి బొంబాయి వచ్చి, ఎవరెవరికో మేడలు కట్టి, తన వాళ్ళకు మాత్రం చాల్‌లో, అంటే వరస గదుల అద్దె మేడలో, ఒక గది మిగిల్చి పోయాడట. ఆ గదిలో తాత, అమ్మ, నేను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ నాలుగిళ్ళలో పాచిపని చేసేది.

పొద్దున మున్సిపాలిటీ తెలుగు బడి, మధ్యాహ్నం నుంచి తాత పక్కన దుకాణం, ఇదీ నా రోజు. తొమ్మిదేళ్ళకే ఏ కొండీకి ఎంత పొడుగు మర పడుతుందో, ఏ తాళం దెబ్బకు విరుగుతుందో, ఏది విరగదో నాకు కంఠతా వచ్చు. తాత చెప్పే మాటలన్నీ ఆయన గొంతుతోనే చెప్పేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వి, ఈ పిల్ల మీకంటే గట్టిదని తాతతో అంటే నాకు ఆ రోజంతా కాలు నేల మీద నిలిచేది కాదు.

మా దుకాణానికి ఎదురుగా మూడంతస్తుల మేడ. కింద వీధిలోకి ఒక ఇరుకు తలుపు, దాని వెనక మెట్లు. పైన చాలామంది ఆడవాళ్ళు ఉండేవారు. వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు ఉన్నారో మా సందు పిల్లలకు ఎవరూ చెప్పేవారు కాదు. అడగకూడదని మాత్రం మాకు తెలుసు. ఆ ఇంటిని నడిపే పెద్దామెను అందరూ మౌసీ, అంటే పిన్ని, అనేవారు. మెత్తని మనిషి, మా సందులో ఉండి ఉండి మా తెలుగు కూడా నేర్చింది. పిల్లలు కనబడితే బుగ్గ నిమిరేది. పండగలకు మా సందంతా మిఠాయి పంచేది.

మా తాత ఆమెకు తాళం అమ్మేవాడు కాదు. ఆమె వచ్చి నిలబడితే, వీపు వెనక డజను తాళాలు వేలాడుతుండగానే, తల ఎత్తకుండా "అయిపోయినయమ్మా, మళ్ళ ఎప్పుడొస్తయో తెల్వది" అనేవాడు. ఆమె ఆ తాళాల వంక ఒకసారి చూసి, నవ్వి, మూల మీది దుకాణానికి వెళ్ళేది. అక్కడ దొరికేది. నాకు తాత అబద్ధం సిగ్గనిపించేది. వచ్చిన బేరం పోగొట్టుకుని, ఆ రాత్రి పప్పులో ఇంకో చెంబు నీళ్ళు పోయడం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు అడిగేశాను. "ఆమెకు లేవు," అన్నాడు. అంతే.

ఒక వేసవి మధ్యాహ్నం తాత సరుకు తేవడానికి పెద్ద బజారుకు వెళ్ళాడు. దుకాణంలో నేనొక్కదాన్నే. మౌసీ వచ్చింది. ఆయన ఎక్కడని అడిగి, లేడని తెలుసుకుని, నా ఎదురుగా ఉన్న స్టూలు మీద తీరిగ్గా కూర్చుంది.

"బేటీ, మజ్బూత్ తాళం గావాలె. నీకు తెలుస్తదా?"

నాకు తెలుస్తదా! ఇత్తడి తాళాలన్నిటిలోకీ గట్టిదాన్ని దించాను. మేకుకు తగిలించి రెండు చేతులతో వేలాడాను. సుత్తితో కొట్టి చూపించాను. ఇది తెగదు, వంగదు, తుప్పు పట్టదు అని తాత మాటలు తాతలాగే చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నది. తర్వాత ఒకటే ప్రశ్న అడిగింది.

"తాళం సరే. లోపలికెల్లి గుంజితే కొండీయే ఊడొస్తది గదా?"

అంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కొండీని ఎలా బిగించాలో చెప్పాను. రేకు మడత మరల మీద పడేలా పెట్టాలి, అప్పుడు తాళం వేశాక మరలు కనబడవు. పొట్టి మరలు వద్దు, పలక దాటి అవతలికి వెళ్ళే బోల్టు పెట్టి నట్టు బయటివైపు బిగించాలి, అప్పుడు లోపలివాళ్ళు గోళ్ళు అరగదీసుకున్నా రాదు. ఈ చివరి మాట కూడా నేనే అన్నాను. లోపల ఎవరుంటారని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మౌసీ నా తల నిమిరి, తాళం, కొండీ, బోల్టులు పట్టుకుని వెళ్ళింది. తాత వచ్చాక ఆ మాట చెప్పలేదు. చెప్పకూడదని ఎక్కడో తెలిసే ఉంటుంది.

రెండు రోజుల తర్వాత బడి నుంచి వస్తుంటే పై నుంచి తెలుగు మాట వినబడింది. రెండో అంతస్తు కిటికీ చువ్వల వెనక ఒకామె. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళు ఉంటాయి. పెదవి చిట్లి ఉంది.

"ఓ పిల్లా, తెలుగేనా నువ్వు? ఇంట్ల పని అని తోల్కొచ్చిండ్రు. బయటికెల్లి తాళమేసిండ్రు. జర ఎవల్కన్న చెప్పరాదూ."

అచ్చం మా తాత యాస. ఆమె కిటికీ చువ్వలు పట్టుకున్న వేళ్ళు చూశాను. కుడిచేతి గోళ్ళు రెండు లేవు.

పరుగెత్తి తాతకు చెప్పాను. ఆయన చేతిలోని ఆకురాయి కింద పెట్టి, ఏ తాళమో అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. అప్పుడు చెప్పాను, మనదే అని. కొండీ సంగతి, బోల్టుల సంగతి, అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా మొహం వంక మాత్రం చూడలేదు. ఆ సాయంత్రం ఆయనా అమ్మా చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. పోలీసు ఠాణా మాట వచ్చినప్పుడు అమ్మ నవ్వింది. ఆ ఠాణా మనుషులు మౌసీ ఇంటి గుమ్మంలో టీ తాగడం సందులో చూడనివాళ్ళు లేరు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎదురు మేడ అంతా నిద్రపోయే వేళ, తాత నన్ను దుకాణంలోకి పిలిచి లోపలి గూట్లోంచి నూనె డబ్బా తెమ్మన్నాడు. నేను వెనక్కి తిరిగేసరికి దుకాణం ముందు మూసే చెక్క పలకలు బయట నుంచి ఒక్కొక్కటే వేసేస్తున్నాడు. చివరి పలక పడింది. కొండీ మూసుకున్న చప్పుడు, తాళం పడ్డ చప్పుడు. ఆటాడుతున్నాడనుకుని నవ్వాను. తాతా అని పిలిచాను. ఆయన అడుగులు దూరమయ్యాయి.

చీకటి, ఇనుము వాసన, ఉక్క. పలకల సందుల్లోంచి చిన్న గీతల్లా వీధి కనబడుతోంది. ముందు పిలిచాను, తర్వాత అరిచాను, తర్వాత ఏడుస్తూ పలకలను కాళ్ళతో తన్నాను. వీధిలో మనుషులు నడుస్తూనే ఉన్నారు. బిందెలతో వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి, విని, ఏదో అల్లరి చేసి ఉంటుందని అనుకుంటూ వెళ్ళిపోయారు. మా దుకాణం పక్కనే ఇస్త్రీ బండి పెట్టుకునే అన్న ఉండేవాడు. మా పాలమూరు మనిషే. నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. ఆయన పలక దగ్గరికి వచ్చి మొహం ఆనించాడు.

"ఏం జేసినవ్ బిడ్డా? ఊకెనే పెట్టడు గదా మీ తాత."

నేనేం చేయలేదని, తీయమని, ఊపిరాడడం లేదని చెప్పాను. ఆయన జాలిగా చప్పరించి ఇస్త్రీ పెట్టె దగ్గరికి పోయాడు. ఆ రోజు నాకు మొదట తెలిసింది అదే. తాళం వేసిన తలుపు వెనక ఎవరైనా అరిస్తే, వేసినవాడెవడని ఒక్కరూ అడగరు. లోపలివాళ్ళు ఏం తప్పు చేశారో అనుకుంటారు.

అంతలో పలక సందులోంచి తాత కనబడ్డాడు. చిన్న సంచీ చంకలో పెట్టుకుని వీధి దాటి, ఎదురు మేడ మెట్లెక్కాడు. తన దుకాణంలోని తాళం ఏదైనా చెవి లేకుండా తీయగలడని నాకు తెలుసు. కాసేపటికి కింది తలుపులోంచి ఆ అమ్మాయి బయటికి వచ్చింది. వట్టి కాళ్ళు, తల మీద దుప్పటి ముసుగు. కుడివైపు తిరగమని తాత చెప్పాడట. కుడివైపు మూల మీద మా అమ్మ నిలబడి ఉంది, ఆమెను వర్లిలో మా చుట్టాల చాల్‌కు తీసుకుపోవడానికి. అదంతా నాకు తర్వాత తెలిసింది. ఆమెకు వెలుతురు కళ్ళలో పడి ఏమీ కనిపించనట్టుంది. అటూ ఇటూ చూసి, ఎడమవైపు తిరిగింది. నాలుగడుగులు వేసి, ఇస్త్రీ అన్న ఎవరితోనో తెలుగులో మాట్లాడడం వినబడి ఆయన బండి దగ్గర ఆగింది.

"అన్నా, కుడిచెయ్యి దిక్కు మూల అంటే ఎటు?"

ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. ఆమె మణికట్టు మెల్లగా పట్టుకున్నాడు. "రా చెల్లె, నేను జూపిస్త," అన్నాడు. ఆమె నమ్మి వెంట నడిచింది. వెనక్కి అదే తలుపు దగ్గరికి తీసుకువెళ్ళి, మౌసీ, ఓ మౌసీ అని పైకి కేకేశాడు. ఆ మేడ బట్టలన్నీ ఇస్త్రీకి ఆయన బండికే వచ్చేవి.

మౌసీ మనుషులిద్దరు, ఇంకా మేడ మీదే ఉన్న తాతను కిందికి దించుకొచ్చారు. తిట్టలేదు, అరవలేదు, పని చేసుకుపోతున్నట్టు చేశారు. ఒకడు ఆయన భుజాలు గోడకు అదిమి పట్టుకున్నాడు. ఇంకొకడు ఆయన కుడిచేతిని మెట్ల తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. రెండుసార్లు. మౌసీ మెట్టు మీద నిలబడి పాన్ నములుతూ చూసింది. నేను మధ్యాహ్నమంతా అరిచినదాన్ని, అప్పుడు నోట్లో గౌను అంచు కుక్కుకున్నాను. లోపల నేనున్నానని వాళ్ళకు తెలిస్తే నా దగ్గరికి వస్తారని భయం. ఇస్త్రీ అన్న బట్టల మీద నీళ్ళు చిలకరిస్తూనే ఉన్నాడు.

ఆ అమ్మాయిని దీపాలు పెట్టకముందే ఒక టాక్సీలో ఎక్కించి ఎటో తీసుకుపోయారు. ఎక్కేముందు ఆమె ఇస్త్రీ బండి వైపు తిరిగి చూసింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. నేను అమ్మిన తాళం మాత్రం ఆ తలుపుకే ఉండిపోయింది. వారం తిరగకుండానే ఆ కిటికీ వెనక ఇంకొకామె వచ్చింది.

మా దుకాణం తాళంచెవి తాత చొక్కా జేబులోనే ఉంది. ఎడమచేత్తో తీయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. పలక తీసి, చెమటతో తడిసి ముద్దయిన నన్ను చూసి, ఆకలైందా అని అడిగాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టారు కానీ మూడు వేళ్ళు మళ్ళీ వంగలేదు. తాళంచెవులు చేసే పని పోయింది. కొన్నాళ్ళకు, నన్నెందుకు లోపల పెట్టావని అడిగాను. వెంటబడి వస్తావని, వస్తే వాళ్ళు నిన్ను చూస్తారని అన్నాడు. "ఇంకోటి. తాళం అవతలికెల్లి ఎట్లుంటదో నీకు ఎరుక గావాలె అనుకున్న," అన్నాడు. నాకు కోపం వచ్చింది. మనం అమ్మకపోతే మూల దుకాణంలో కొనేది కదా, అప్పుడు మాత్రం ఆమె బయట ఉండేదా, నా తప్పేముందని గట్టిగా అడిగాను. ఏడుపు కూడా వచ్చింది.

తాత తన కట్టు వంక చూసుకుంటూ చెప్పిన మాట ఇది. "నిజమే బిడ్డా. గన్ని ఏండ్లసంది ఆమె మూల మీదనే కొన్నది. నేను అమ్మలే గదా అని చేతులు దులుపుకున్న. ఒక్కనాడన్న మెట్లెక్కి చూడలే. మనది అని తెలిస్తెనే ఎక్కిన. నీ తప్పు ఒక్క తాళమే. నాది, అన్ని ఏండ్లు."

ఇప్పుడు నాకు అరవై దాటింది. దుకాణం నేనే నడుపుతున్నాను. ఎదురు మేడలో సంచులు కుట్టే కార్ఖానా ఉంది. మా చాల్ కూడా కూలగొట్టి కొత్తది కడతామని వచ్చి కొలతలు తీసుకుని పోతుంటారు. తాళం అమ్మేటప్పుడు ఏ వైపు బిగిస్తారని అడుగుతాను. చాలామంది నవ్వి ఏదో ఒకటి చెప్తారు. కొందరు అబద్ధమే చెప్తారని నాకు తెలుసు.

పోయిన వానాకాలం మా చాల్‌లోనే నాలుగో అంతస్తులో ఉండే అబ్బాయి బయటివైపు కొండీ కావాలని వచ్చాడు. నిజమే చెప్పాడు. వాళ్ళమ్మకు మతిమరుపు. రెండుసార్లు బస్సుల కింద పడబోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. "పనికి పోకుంటే ఎట్ల అవ్వా, నువ్వే చెప్పు," అన్నాడు. తాతలాగే, లేవన్నాను. సాయంత్రానికి ఆ తలుపుకు వేరే దుకాణం తాళం పడింది. నేను అమ్మలేదు కాబట్టి ఆ రాత్రి హాయిగా అన్నం తినవచ్చు. తినలేకపోయాను.

మర్నాడు మోకాళ్ళ నొప్పితో నాలుగంతస్తులు ఎక్కాను. ఆమె లోపల నుంచి గ్లాసుతో తలుపు కొడుతోంది. వరండాలో ఇద్దరు బట్టలు ఆరేసుకుంటున్నారు. ఆ అబ్బాయిని అడిగి ఒక చెవి నేను తీసుకున్నాను. అప్పటి నుంచి రోజూ పదకొండింటికి దుకాణం మూసి పైకి పోతాను. తలుపు తీసి, ఆమె చెయ్యి పట్టుకుని సందు చివరి దాకా నడిపించి, నీళ్ళు తాగించి మళ్ళీ లోపల కూర్చోబెడతాను. ఆ గంటలో పోయే బేరాలు పోతాయి. ఇదేమీ పెద్ద మేలు కాదు. ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు ఆ తాళం వేసేది నేనే. అది పడిన చప్పుడుకు ఆమె రోజూ లోపల నుంచి, ఎవరు వేస్తుండ్రని అడుగుతుంది. చప్పుడు చేయకుండా మెట్లు దిగిపోవచ్చు, ఆమెకు గుర్తుండదు. కానీ నేను తలుపుకు మొహం ఆనించి, నేనే అవ్వా, నేనే వేస్తున్న అని నా పేరు చెప్పి, ఆమెకు వినబడిందని తెలిశాకే కిందికి దిగుతాను.