జమ్ములమ్మ సప్పిడి పథ్యం

ఉగాది నాడు భక్ష్యం వద్దన్న మనిషిని నేను ఇంతవరకు జమ్ములమ్మను తప్ప చూడలేదు. షుగరు ఉన్నవాళ్ళు కూడా ఆ ఒక్క రోజు దేవుడి మీద భారం వేసి సగమైనా తింటారు. నెయ్యి వేసిన వేడి భక్ష్యాలు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి గడపలో నిలబడితే, ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దక్కా. మందు మీదున్న."

"మందు మోకాళ్ళకు గదనే. భక్ష్యం కడుపులకు పోతది. రెండూ ఏడ కలుస్తయి?"

ఆమె నవ్వలేదు. పళ్ళెంతో వెనక్కి వచ్చేశాను గానీ, ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. తెలియని సంగతి ఒకటి ఎదురింట్లో ఉందంటే నాకు అంతే.

జమ్ములమ్మది రాజోలి దగ్గర పల్లె. భర్త నాగప్ప పోయేనాటికి కొడుకు శంకర్ ఇంకా పాకుతున్నాడు. ఉన్నది చారెడు చెలక, వాన పడితేనే పంట. అందులో పల్లికాయ వేసి, అది చాలక పక్కవాళ్ళ చెలక కౌలుకు పట్టి, పిల్లవాణ్ణి పెంచింది. వాడు పెద్దవాడై గద్వాలలో ఆటో నడపడం మొదలుపెట్టాక మా వీధికి వచ్చింది. ఇక్కడికి వచ్చాక కూడా ఊరికే కూర్చోలేదు. కలుపుకని, కాయ ఏరడానికని కూలికి పోతూనే ఉండేది. అన్నేళ్ళు గొంతుకు కూర్చుని చేసిన పనికి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. రెండు వేల ఆరు వచ్చేసరికి, కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, లేస్తే నడవడానికి కట్టె కావాలి అన్నట్టయింది.

ఆ ఉగాదికి ముందే, బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు అవతల వనపర్తికి పోయే దారిలో ఒక ఆయుర్వేద కేంద్రం పెట్టారని బస్సులో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నాను. విన్నాక చూడకుండా ఉంటానా. జమ్ములమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. రేకుల షెడ్లు, వాటి చుట్టూ మందు మొక్కల మళ్ళు, గోడ మీద పెద్ద అక్షరాలతో "సమగ్ర ఆయుర్వేద చికిత్స, పరిశోధన కేంద్రం" అని ఉంది. ఐదో తరగతి చదువుతో అక్షరాలైతే కూడబలుక్కున్నాను, అర్థం మాత్రం చిక్కలేదు. నూనె మర్దనా చేసే భాగ్యమ్మ అటుగా వస్తే ఆపాను.

"సమగ్ర అంటే ఏంది బిడ్డా?"

"మోకాలు నొప్పి అని వస్తే మోకాలొక్కటే చూడరు పెద్దమ్మా. నిద్ర వడ్తదా, ఏం తింటవు, మనసుల ఏమన్న రంది ఉన్నదా, ఎవరితోనన్న కొట్లాడినవా, అన్నీ అడుగుతరు."

"గవన్నీ నేను రోజూ వీధిల అడుగుత. నన్ను గూడ పెట్టుకొమ్మను."

లోపల డాక్టరమ్మ పేరు మంజుల. నాగర్‌కర్నూలు పిల్ల. చదువు ఎక్కువైనా మన మాట మరిచిపోలేదు. మిగిలిపోయిన రెండో మాట ఆమెను అడిగాను, పరిశోధన అంటే ఏందని.

"ఏ మందు ఎవరికి పనిచేసింది, ఎవరికి చెయ్యలే, ఎందుకు చెయ్యలే అని చూసుకునుడు పెద్దమ్మా. పనిచెయ్యనిది దాసిపెడితే అది పరిశోధన కాదు."

ఆ మాట నాకు నచ్చింది. దాచడమంటే నాకూ పడదు.

జమ్ములమ్మకు కాచుకుని తాగడానికి కషాయం పొడి, రాసుకోవడానికి నూనె ఇచ్చింది. నిల్వ తిండి వద్దు, పులుపు తగ్గించు, జొన్నరొట్టె, పెసరపప్పు బాగా తిను, పాలు తాగు అని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో జమ్ములమ్మ దిగులుగా కూర్చుంది.

"పథ్యం గింతేనా అక్కా? గింత పెద్ద నొప్పికి?"

"తక్కువైతే మంచిదే గదా."

"ఆమె చిన్న పిల్ల. తినొద్దంటే మనం బాధపడ్తమని తక్కువ చెప్పింది."

ఏదో మాటవరసకు అన్నదనుకుని కిటికీలోంచి కృష్ణ నీళ్ళు చూస్తూ ఉండిపోయాను. ఆ మాటను అక్కడే పట్టుకోవాల్సింది.

ఉగాది దాటాక జమ్ములమ్మ మా కళ్ళ ముందే చిక్కిపోవడం మొదలుపెట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు. ఒక పొద్దున నల్లా దగ్గర బిందె ఎత్తబోయి అక్కడే కూలబడింది. మేం నలుగురం ఆడవాళ్ళం పట్టుకుని ఇంట్లోకి తెచ్చాం. శంకర్ ఆటో అక్కడే వదిలేసి పరుగున వచ్చాడు. వచ్చి నా మీద పడ్డాడు.

"పెద్దమ్మా, నువ్వే గదా తోల్కపోయింది. ఆకు మందులు తాగిపిచ్చి మా అమ్మను కట్టెపుల్ల జేసిండ్రు. గవి కిడ్నీలు తింటయని స్టాండుల అందరు అంటుండ్రు. ఇగ ఒక్క సుక్క తాగనియ్య. రేపే కర్నూలు పెద్ద దవాఖానకు తీస్కపోత."

"మందు మధ్యల ఇడిస్తే తిరగబడ్తదిరా," అంది మంచం మీది నుంచి జమ్ములమ్మ.

"తాగితే సస్తవమ్మా."

"ఇడిస్తె సస్త."

తల్లీకొడుకులు ఎవరి పట్టు వాళ్ళు వదలలేదు. మంచి చేద్దామని నేనే కదా తీసుకెళ్ళింది. ఆమెకు మంచినీళ్ళు తెద్దామని వంటింట్లోకి వెళ్ళాను. వెళ్ళినదాన్ని నీళ్ళు ముంచుకుని రావచ్చు కదా. పొయ్యి మీది గిన్నె మూత తీశాను. తెల్లటి బువ్వ గంజి. పక్కన కూర లేదు, పప్పు లేదు, పచ్చడి లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు కూడా లేదు. ఉప్పు డబ్బా వెతికితే గూట్లో వెనకాల ఉంది, మూత మీద దుమ్ముతో.

నీళ్ళు ఇస్తూ మెల్లగా అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచే ఈ సప్పిడి?"

ఆమె కొడుకు వైపు చూసి గొంతు తగ్గించింది.

"మందు మొదలువెట్టినప్పటి సంది. పప్పు తినలే, పాలు తాగలే, ఉప్పు ముట్టలే. డాక్టరమ్మకు చెప్పకక్కా, నీకు దండం పెడ్త."

"ఆమె పాలు తాగమన్నది గదనే."

"ఆమె చెప్పిందానికంటె ఎక్కువనే పట్టిన. పథ్యం గట్టిగుంటేనే మందు గట్టిగ పట్టుకుంటది."

మా దిక్కున పాతవాళ్ళందరి నమ్మకం అదే. మందు సగం, పథ్యం సగం అంటారు. పసరు తాగినవాళ్ళు ఉప్పూ పులుపూ లేకుండా చప్పిడి కూడు తినడం నేను చిన్నప్పటి నుంచి చూసిందే. కానీ అది ఒక వారమో, పది దినాలో. నెలల తరబడి గంజి తాగి బతికినవాళ్ళను చూడలేదు. మందు ఆమెను ఏమీ చేయలేదు, ఆమే తనను ఎండగట్టుకుంటోంది. అయినా ఆ మొండితనం వెనక ఇంకేదో ఉందని నాకు అనిపించింది. వట్టి నమ్మకానికి మనిషి అంత భయపడదు.

శంకర్‌తో అన్నాను.

"ఒరేయ్, రేపు కర్నూలుకే పోదాం. ముందుగాల నాతోని వనపర్తి దిక్కు ఒక్కపారి రా. నువ్వే అడుగు డాక్టరమ్మను, నీ ముంగటనే జవాబు చెప్పనియ్యి."

గొడవపడటానికి మంచి అవకాశం అనుకున్నాడో ఏమో, ఒప్పుకున్నాడు.

బస్సు బీచుపల్లి దగ్గరికి రాగానే జమ్ములమ్మ ఆంజనేయస్వామికి కిటికీలోంచి చేతులు జోడించింది. ఎముకలు తేలిన ఆ చేతులు చూస్తే నాకు కళ్ళు తిప్పుకోవాలనిపించింది.

డాక్టరమ్మ ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచి వచ్చింది. నాడి పట్టుకుంది, కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "ఏం తింటున్నవమ్మా?" అని అడిగింది.

"నువ్వు చెప్పినయే."

నేను నోరు తెరిచాను. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "జర ఆగు పెద్దమ్మా, ఆమెనే చెప్పనియ్యి." నోట్లో మాట పెట్టుకుని ఆగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

ఆఖరికి జమ్ములమ్మే గంజి సంగతి చెప్పింది. శంకర్ నోరు వెళ్ళబెట్టాడు. డాక్టరమ్మ కోప్పడలేదు.

"ఇంత గట్టి పథ్యం ఎవరు నేర్పిండ్రు నీకు?"

"మా అత్త."

"ఎప్పుడు?"

"మా ఆయన సచ్చిపోయినప్పుడు."

ఆ తర్వాత ఆమె ఆపకుండా చెప్పింది. నాగప్పకు కామెర్లు ముదిరాయి. కళ్ళు పసుపు ముద్దలు, కడుపు ఉబ్బింది. ఊళ్ళో పసరు పోయించారు, చప్పిడి పథ్యం పెట్టారు. ఒక మధ్యాహ్నం ఆయన పుంటికూర పచ్చడి, అదే గోంగూర పచ్చడి, అడిగాడు. వద్దంటే చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. చూడలేక, అత్త చెలకకు పోయినప్పుడు, బువ్వలో ఇంత కలిపి ఒక్క ముద్ద పెట్టింది. తెల్లారి ఆయన పోయాడు.

"పథ్యం చెడగొట్టి నా కొడుకును కూరతోని సంపినవ్ అన్నది మా అత్త. సచ్చేదాక గా మాటనే అన్నది. నిజమే గదమ్మా. నా శేతులతోనే పెట్టిన. గప్పటి సంది పుంటికూర నా ఇంట్ల వండలే, నేను తినలే. ఇప్పుడు మందు తాగుకుంట పథ్యం తప్పితే, వీనికి నాయనను లేకుంట జేసిన, అమ్మను గూడ లేకుంట జేస్తనని భయం."

శంకర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడికి ఈ సంగతి తెలియదు. ఇంట్లో పుంటికూర ఎందుకు వండరో ఎప్పుడూ అడగలేదట. నాలాంటిది ఒకతి ఆ ఇంట్లో పుట్టి ఉంటే ఎప్పుడో బయటపడేది.

డాక్టరమ్మ తన కుర్చీ ఆమె మోకాళ్ళ దగ్గరికి జరుపుకుంది.

"పచ్చడి అడిగిన రోజు ఆయన నిన్ను గుర్తుపట్టిండా అమ్మా?"

జమ్ములమ్మ ఆలోచించింది. "లేదు. అంతకు ముందటి సందే మతి లేకుండె. నన్ను అమ్మా అని పిలిచిండు. అమ్మా, పుంటికూర పెట్టు అన్నడు."

"రక్తం ఏమన్న కక్కుకున్నడా?"

"కక్కిండు. రెండుపార్లు."

"అమ్మా, ఆయనను నేను చూడలే. అబద్ధం చెప్ప. కానీ నువ్వు చెప్పేది వింటే, మనిషిని గుర్తుపట్టలేనంత దూరం పోయింది అప్పటికే రోగం. రక్తం పడ్డది. గా ముద్ద పెట్టకున్నా ఆయన పోయెటోడే. ఒక్క ముద్ద పుంటికూర మనిషిని సంపదు. మీ అత్తకు కొడుకు పోయిండన్న బాధ, ఎవరినో ఒకరిని అనాలె, నిన్ను అన్నది. నువ్వు సంపలే. ఆకలిగొన్న మనిషికి బువ్వ పెట్టినవ్."

జమ్ములమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తల మీది నుంచి గడ్డిమోపు దించినప్పుడు మెడ ఎలా పైకి లేస్తుందో అలా మెల్లగా తలెత్తింది. కొడుకును చూసింది.

"ఇన్నవురా శంకరూ?"

"ఇన్ననమ్మా," అన్నాడు వాడు. "ముందే చెప్తే ఏమైతుండె?"

"నువ్వు గూడ గట్లనే అంటవేమోనని."

వాడు వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. గొడవ సంగతి మరిచిపోయాడు. కిడ్నీల సంగతి మాత్రం అడిగాడు. అడిగినందుకు డాక్టరమ్మ మంచిదే అంది. వనపర్తిలో రక్తపరీక్ష చేయించుకుని రమ్మంది. ఆ కాగితం వచ్చేదాకా నాకు బీచుపల్లి స్వామి తప్ప వేరే దిక్కు లేకపోయింది. వచ్చాక చూస్తే కిడ్నీలు బాగానే ఉన్నాయి. ఒంట్లో రక్తం మాత్రం తక్కువగా ఉంది, అది తిండితో, మందుతో వస్తుందన్నారు. నేను అక్కడే బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

జమ్ములమ్మను కొన్నాళ్ళు కేంద్రంలోనే ఉంచుకున్నారు. మొదటి పూట భాగ్యమ్మ జొన్నరొట్టె, పెసరపప్పు తెచ్చి ముందు పెట్టింది. జమ్ములమ్మ ఒక తునక పప్పులో అద్ది నోట్లో పెట్టుకుని, నమలకుండా కాసేపు అలాగే ఉంచుకుంది.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

"ఎక్కువైందక్కా," అంటూ రెండో తునక తుంచింది.

"పుంటికూర మాత్రం జర ఆగాలె," అంది గుమ్మంలోంచి డాక్టరమ్మ. "మోకాళ్ళ వాపు దిగినంక."

"ఇన్నేండ్లు తినబుద్ధి గాలే, తినలే. ఇయ్యాల తినబుద్ధయితే నువ్వు వద్దంటివి," అని జమ్ములమ్మ నవ్వింది. ఆమె పళ్ళు అంత తెల్లగా ఉంటాయని మా వీధిలో ఎవరికీ తెలియదు.

ఈ సంగతి ఆమె ఒక్కదానితో ఆగలేదు. పథ్యం పేరుతో ఎవరెవరు ఏమేమి మానేస్తున్నారో మా వీధి ఆడవాళ్ళను అడగడానికి డాక్టరమ్మ స్వయంగా గద్వాల వచ్చింది. ఇంటింటికీ నేనే తిప్పాను. ఆ పని నాకు ఎంత ఇష్టమో చెప్పనక్కరలేదు. అప్పటి నుంచి ఆ కేంద్రంలో మందు చేతిలో పెట్టే ముందు, తినాల్సినవి పళ్ళెంలో పెట్టి, ఒక పూట తమ కళ్ళ ముందే తినిపించి పంపుతున్నారు. "మా తప్పు గూడ ఉన్నది పెద్దమ్మా. తినొద్దన్నది గట్టిగ చెప్పినం, తినమన్నది మెల్లగ చెప్పినం," అంది డాక్టరమ్మ నాతో. పనిచేయనిది దాచిపెట్టకపోవడం అంటే ఇదే కాబోలు.

వానలు పడేనాటికి జమ్ములమ్మ కట్టె వదిలేసింది. గొంతుకు కూర్చోలేదు గానీ, నల్లా దగ్గరికి తానే వస్తుంది. ముఖం నిండింది.

పెత్తరమాస వచ్చింది. ఆ రోజు మా దగ్గర పోయిన పెద్దలకు, బతికుండగా వాళ్ళకు ఇష్టమైనవి వండి పెడతాం. ఇన్నేళ్ళుగా నాగప్పకు ఆమె పప్పూ, గారెలూ, పరమాన్నం పెట్టేది. ఆ ఏడు పొద్దున్నే శంకర్ ఆటోలో ఎర్ర కాడల పుంటికూర కట్టలు తెచ్చి గడపలో పడేశాడు. మిరపకాయలు వేగిన ఘాటుకు మా ఇంట్లో నాకు దగ్గు వచ్చింది. దగ్గుతూనే వెళ్ళాను.

ఆకు మీద బువ్వ, దాని మీద పుంటికూర పచ్చడి ముద్ద. జమ్ములమ్మ అగరొత్తులు వెలిగించి, చేతులు జోడించి, "తిను," అంది. అంతే అంది.

ఆకు బయట పెట్టి, కాకి వచ్చేదాకా చూసి, లోపలికి వచ్చి కొడుకుకు వడ్డించింది. తర్వాత నాకు. తర్వాత తన పళ్ళెంలో వేసుకుంది.

"డాక్టరమ్మ తినమన్నదా?" అన్నాను. అడగకుండా ఉండలేను కదా.

"ఇంత తినమన్నది," అని బొటనవేలి గోరు చూపించి, దానికి నాలుగింతల ముద్ద కలుపుకుంది.