మీటరు మామయ్య, కొబ్బరిపాల డబ్బా

ఇప్పుడంటే సన్నబడటానికి జనం పొద్దున్నే బూట్లు కట్టుకుని పరుగులు తీస్తున్నారు గానీ, ఆ రోజుల్లో ఇంట్లో ఒక కుర్రాడు సన్నగా ఉన్నాడంటే అది వంటచేసే తల్లికి తలవంపు. సముద్రం మధ్య దీవుల్లో మా ఊరు ఆస్టినాబాద్‌లో మా వీధిలో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ నేను ‘దోటి’ని. (కొబ్బరికాయలు కోయడానికి పొడవాటి కర్రకి కొసన కొడవలి కడతారే, అదీ దోటి. నా తలకాయే ఆ కొడవలి అని మా మామయ్య వివరణ.) నేను చొక్కా తొడుక్కుంటే తొడుక్కున్నట్టు కాదు, ఆరేసినట్టు ఉండేది. వానాకాలం ఈదురుగాలిలో పడవల రేవుకి, అదే ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్తుంటే అమ్మ “రెయిలింగ్ పట్టుకుని నడవరా” అని కేకేసేది. అది వేళాకోళం కాదు, నిజంగానే భయపడేది.

ఫైర్‌మన్ ఉద్యోగం రాతపరీక్ష పాసవ్వకపోయి ఉంటే ఇదంతా నవ్వుకుని ఊరుకునే సంగతే. ఖర్మకాలి పాసయ్యాను. ఇక మిగిలింది ఒంటి పరీక్ష. ఎత్తుకి ఢోకా లేదు. పరుగు సరే. బరువు మాత్రం యాభై కిలోలు ఉండాలన్నారు, నన్ను తడిబట్టలతో తూచినా అంత లేను. మళ్లీ పిలుపు వచ్చేసరికి నా వయసు దాటిపోతుంది. మాది నాన్న పోయిన ఇల్లు, అమ్మ తమ్ముడి జీతం మీద నడుస్తోంది. ఆ తమ్ముడే మా మామయ్య. దీవుల మధ్య తిరిగే బోటులో ఇంజిన్ గదిలో పని. “నా మేనల్లుడికి ఉద్యోగం వచ్చాకే నా పెళ్లి” అని ఒట్టేసుకుని కూర్చున్నాడు. అంచేత నా ఒంట్లో తక్కువైన ఆ కాస్త బరువు మీద నా ఉద్యోగమూ, ఆయన పెళ్లీ రెండూ ఆగి ఉన్నాయి.

మామయ్యకి నాలాంటి ఇబ్బంది లేదు. ఆయన బోటెక్కితే బోటుకి తెలిసేది. ఆయనకున్నదల్లా ఒకటే జబ్బు: మీటరు లేనిదాన్ని నమ్మడు. ఇంజిన్ గదిలో ముల్లు చూసి ముల్లు చూసి, ఏ వస్తువు కనిపించినా దాని ముల్లు ఎక్కడుందా అని వెతికేవాడు. జ్వరమొస్తే నుదురు ముట్టుకోనివ్వడు, థర్మామీటరు పెట్టాల్సిందే. అలాంటి మనిషి ఒకరోజు గోల్ ఘర్ బజారుకి వెళ్లి, హోటళ్లకి సరుకు వేసే షాపు నుంచి ఒక పెద్ద అట్టపెట్టె భుజాన వేసుకొచ్చాడు. విప్పితే నిండా ఆకుపచ్చ రేకు డబ్బాలు. డబ్బా మీద పగలగొట్టిన కొబ్బరికాయ బొమ్మ. సముద్రం అవతలి దేశం సరుకు. రాత ఏదో జిలేబీలు చుట్టినట్టుంది. (మన తెలుగుని చూసి హిందీవాళ్లు అనే మాటా అదే, అది వేరే సంగతి.) ఆ జిలేబీల కింద మాత్రం రెండు వరసల్లో చక్కగా అంకెలు.

అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. “ఏటి తమ్ముడూ ఇది? పెరట్లో కాయలు రాలి మన రేకుల కప్పంతా సొట్టలు పడిపోతంటే, కొబ్బరిపాలు కొని తెచ్చావా? మాయరోగమేటి నీకు?”

“అప్పా, నీ కాయ మంచిదే, కాదనట్లేదు.” (మా వైపు అక్కని అప్ప అనే అంటారు.) “గానీ దాన్లో ఎంత బలముందో నీకు తెల్సా? నాకు తెల్సా? కాయ మీదేవైనా రాసుందా? ఇది చూడు, గిన్‌కే లిఖా హై, లెక్కెట్టి మరీ రాసారు! కేలరీ ఇంత, కొవ్వు ఇంత. ఈ పెద్ద అంకెలు చూసావా? ఇవి రోజూ వీడి కడుపులో పడితే నెల తిరిగేసరికి వీడు మనిషవుతాడు.”

“అంటే నా చెట్టు కాయకి బలం లేదంటావు.”

“లేదనలేదు. లిఖా నహీ హై, రాసి లేదు, అంతే.”

మా దీవుల్లో ఇదొక ముచ్చట. ఓడ దిగిన సరుకంటే చాలు, కళ్లకద్దుకుంటాం. ఇక్కడ పండినదాన్ని అరుగు మీద పడేసి, అదే వస్తువు డబ్బాలో కూర్చుని టికెట్టు కొనుక్కుని వస్తే లేచి నిలబడతాం. అమ్మ ఆ పూటంతా మూతి ముడుచుకుంది. మర్నాటికి ఏమనుకుందో ఏమో, “సరేలే. డబ్బా తెరవడం, కాచడం, గ్లాసులో పొయ్యడం అన్నీ నేనే చూసుకుంటాను. మీరిద్దరూ నా వంటింట్లోకి రాకండి” అంది. (అమ్మ అంత తేలిగ్గా ఓడిపోవడం మా ఇంటి చరిత్రలో లేదు. అనుమానం రావలసింది అప్పుడే. మాకు అంత తెలివెక్కడిది?)

ఇక మొదలైంది నా పోషణ. రోజూ పరుగు నుంచి రాగానే స్టీలు గ్లాసు నిండా చిక్కటి పాలు, బెల్లం, ఏలకుల పొడి వేసి అమ్మ నా చేతిలో పెట్టేది. గ్లాసు వంచితే పాలు జారడానికి బద్ధకించేవి. బోటు ఒడ్డున ఉన్న రోజుల్లో మామయ్య ఎదురుగా బాసింపట్టు వేసుకుని, ఖాళీ డబ్బా పట్టుకుని, వేలితో టకటకా కొడుతూ “తాగరా, ఇదిగో ఈ అంకె లోపలికెళ్తంది... ఇప్పుడు ఇదెళ్తంది” అని నాకు ఇంధనం లెక్క చెప్పేవాడు. అప్పుడప్పుడు నన్ను బియ్యం కొట్టు కాటా ఎక్కించి, ముల్లు కదిలిందంటే కొట్టువాడికి కూడా డబ్బా గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. తన భోజనం దగ్గర మాత్రం కాస్త గొణిగేవాడు. ఆయనకి కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూర లేనిదే ముద్ద దిగదు. “ఏటప్పా, కూర నీళ్లలాగుంది?” అంటే అమ్మ “ఎండలకి కాయలు అలాగే ఉన్నాయి” అనేది. ఆ రోజుల్లోనే ఆయన బెల్టు ఒక కన్నం లోపలికి జరిగింది. “నీ దిగులేరా నన్ను తినేస్తంది” అని నిట్టూర్చేవాడు. పాపం, నాక్కూడా జాలేసేది.

పరీక్ష రోజు రానే వచ్చింది. దారి పొడుగునా మామయ్య నాచేత అరటిపళ్లు తినిపించాడు, నీళ్లు తాగించాడు. మైదానం చుట్టూ ఉన్న తీగల కంచె బయట నిలబడి నావైపు ఎంత దీనంగా చూశాడంటే, తూగేది నేనో ఆయనో తెలియలేదు. కాటా ఎక్కాను. ఎందుకైనా మంచిదని ఊపిరి బిగబట్టాను. తూకం చూసే మీసాలాయన నా వాలకం చూసి, “అరే బేటా, సాన్స్ ఛోడ్ దే. హవా కా వజన్ నహీ హోతా” అన్నాడు. ఊపిరి వదలరా బాబూ, గాలికి బరువుండదు అని. వరసలో అందరూ గొల్లుమన్నారు. వదిలేశాను, కళ్లు మూసుకున్నాను. ఒకటే భయం, అమ్మ మొహం ఎలా చూడాలా అని. కళ్లు తెరిచేసరికి ముల్లు యాభై గీత దాటి, వెంట్రుకవాసి అవతల వణుకుతూ నిలబడింది. “పాస్. ఆగే బఢో” అన్నాడు మీసాలాయన. కంచె అవతల నుంచి “మీటర్ కిత్‌నా, మీటర్ కిత్‌నా?” అని, ముల్లు ఎంత చూపించిందని మామయ్య అరుపులు. నేను చెయ్యి ఊపగానే మామయ్య కంచె పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఉద్యోగం వచ్చింది. వెంటనే పెళ్లిచూపులకి వెళ్లాం. అంతకుముందే మామయ్య ఫోటో చూసి, కాబోయే అత్తయ్య ఇంత లావాయన వద్దని వాళ్లింట్లో మొండికేసిందట. తీరా మనిషిని చూశాక “ఫోటోలో కన్నా పర్వాలేదు” అందట. అదే ఒప్పుకోలు. ఆనాటి నుంచి డబ్బా మా ఇంటి పురాణం అయిపోయింది. పెళ్లిళ్లలో, బారసాలల్లో, బోటు డెక్కు మీద, ఎక్కడ నలుగురు కూడినా మామయ్య “మా దోటిగాడికి ఉద్యోగం ఎలా వచ్చిందంటే...” అని ఎత్తుకునేవాడు.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది. నా యూనిఫారం గుండీలు నామీద కక్ష కట్టాయి. డాక్టరు తగ్గమన్నాడు. కాలేజీలో చదివే మా అమ్మాయి ఆ మాట పట్టుకుని ఇంట్లో పోలీసు అయింది. మొన్నొకరోజు వంటింట్లో వాళ్ల నానమ్మ బియ్యం కొలుస్తుంటే ఆ కొలత డబ్బా దీని కంటపడింది. ఆ ఆకుపచ్చ డబ్బాయే. రేకు మీద అచ్చు కాబట్టి రాత ఇంకా చెరగలేదు. ఫోను తీసి దానిమీద పట్టుకుంది. ఇప్పటి ఫోన్లు ఏ జిలేబీనైనా విప్పేస్తున్నాయి కదా. కాసేపటికి “నాన్నా, ఇధర్ ఆవో, జల్దీ!” అని కేక.

వెళ్లాను. “ఈ పెద్ద నంబర్లు ఈ డబ్బావి కావు నాన్నా. పైన హెడింగ్ చూడు, ‘మామూలు కొబ్బరిపాలు’ అని. పక్కన ఉన్న చిన్న నంబర్లే దీనివి. ఎంత తక్కువో చూడండని పోల్చి చూపించారు. కొవ్వు తీసేసిన పాలట, సన్నబడాలనుకునేవాళ్లకట! తూ యే పీకే మోటా హువా? ఇది తాగి లావెక్కావా నువ్వు?”

ఇన్నేళ్ల పురాణం! అమ్మ మాత్రం తలెత్తకుండా బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“అమ్మా, మరి నేను తాగింది?”

“నువ్వు తాగితే గదా! తొలిరోజే తెరిచి చూసాను. దానికన్నా బియ్యం కడిగిన కుడితి నయం. నా చెట్టు కాయకి బలం రాసి లేదన్నాడు గదా, ఒళ్లు మండింది. రోజూ తెల్లారి లేచి, కోరి, రుబ్బి, నీళ్లు కలపకుండా పిండిన తొలిపాలు నీకు పోసాను.”

“మరి డబ్బాలన్నీ పారబోశావా?”

“ఏటి పారబోయడం? కష్టపడి సంపాదించిన డబ్బుతో తెచ్చాడు. తెచ్చినోడికే కూరలో పోసి పెట్టాను.”

బెల్టు కన్నం గుర్తొచ్చింది. అత్తయ్య ‘పర్వాలేదు’ గుర్తొచ్చింది. నేనూ మా అమ్మాయీ వంటింటి గోడకి ఆనుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. అమ్మ కొంగుతో మూతి దాచుకుంది గానీ, వెంటనే వేలెత్తింది. “ఖబడ్దార్! వాడికి తెలిసిందంటే మీ ఇద్దరికీ నా చేతి కూడు లేదు. నాన్న లేని పిల్లాడిని నేను నిలబెట్టానని చెప్పుకుని మురుస్తాడు వాడు. అబద్ధమేటి అందులో? నిలబెట్టాడు గదా.”

ఆదివారం మామయ్య వచ్చాడు. రిటైరయ్యాక మనిషి సగమయ్యాడు, ఇప్పుడు ఆయనే దోటి. వస్తూనే బియ్యం డబ్బాలో కొలత వెతికి తీసి, మా అమ్మాయి ముందు పెట్టి, వేలితో టకటకా కొట్టాడు. “చూడమ్మా, ఇదే మీ నాన్నకి ఉద్యోగం ఇప్పించింది. ఈ పెద్ద అంకెలే.” మా అమ్మాయి చేతిలో ఫోను ఉంది. అది నావైపు చూసింది. నానమ్మ వైపు చూసింది. ఫోను బోర్లించి, “హా తాతయ్యా, రాసుంది కదా” అంది.

మామయ్య మొహం వెలిగిపోయింది. అమ్మ లోపల్నుంచి రెండు గ్లాసులు తెచ్చింది. బెల్లం వేసిన చిక్కటి తొలిపాలు తమ్ముడి ముందు, పల్చటి మజ్జిగ నా ముందు పెట్టింది. గోడ మీద, ఉద్యోగంలో చేరిన రోజు తీసిన ఫోటోలో, వదులు యూనిఫారం వేలాడేసుకుని ఒక దోటిగాడు నవ్వుతున్నాడు. తాగరా తాగు అని నేను మజ్జిగ గ్లాసు వాడివైపు కాస్త ఎత్తాను.